మిగిలిన అన్నం, కూరలతో రాత్రికి ఓవెన్ భోజనం: పాలు ఎందుకు విరుగుతున్నాయి?

గౌతమి గట్టు, రావులపాలెం · మధ్యాహ్నం 3:40

అందరికీ నమస్కారమండి. ఫ్రిజ్‌లో స్వర్ణ బియ్యం అన్నం 3 కప్పులు, టమాటా వేసిన కోడి ఇగురు కప్పున్నర, బీరకాయ కూర ముప్పావు కప్పు ఉన్నాయి. అన్నీ ఈ పూట వండినవే. రాత్రికి నలుగురు తినాలి. 28 లీటర్ల ఓటీజీ (రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్) ఉంది, గాజు గిన్నె 20 సెంటీమీటర్ల చదరం.

పోయినసారి ఇలాంటివే అన్నీ కలిపేసి, అర లీటరు పాలల్లో 2 గుడ్లు కొట్టి పైన పోసి, 220 డిగ్రీల్లో 40 నిమిషాలు పెడితే పైన మాడింది, అడుగున నీళ్లు చేరాయి, మధ్యలో పాలు విరిగి పలుకులైపోయాయి. జున్నులా ముక్కలు కోసుకునేలా రావాలంటే ఎక్కడ సరిచేసుకోవాలి?

---

వశిష్ఠ వంటిల్లు, నరసాపురం · 3:58

జున్ను అన్నారు కాబట్టి దాంతోనే చెబుతానండి. జున్నుపాలు ఆవిరి మీద నెమ్మదిగా ఉడికితే నున్నగా వస్తాయి. మంట పెంచి కుతకుతలాడిస్తే చిల్లులు పడి నీళ్లు వదిలేస్తాయి. మీ గిన్నెలో జరిగింది కూడా అదే. గుడ్డు కలిపిన పాలు 75 నుంచి 80 డిగ్రీల దగ్గర గట్టిపడతాయి, 85 దాటితే బిగుసుకుపోయి నీటిని పిండేస్తాయి. ఓవెన్ 220లో ఉంటే మధ్యకి వేడి చేరేలోపే అంచులు ఆ గీత దాటిపోతాయి.

రెండోది, గుడ్ల లెక్క. ఒక గుడ్డు సుమారు 120 మిల్లీలీటర్ల పాలను పట్టి ఉంచుతుంది. మీరు రెండు గుడ్లకి అర లీటరు పోశారు. సగం పాలు పట్టేవాళ్లు లేక అడుక్కి దిగిపోయాయి.

మూడోది, బీరకాయ. ఉప్పు తగిలిన బీరకాయ కూర ఫ్రిజ్‌లోంచి తీసేసరికే గిన్నె అడుగున నీరు ఊరి ఉంటుంది. సొరకాయ, పొట్లకాయ, దోసకాయ కూడా అంతే. వాటిని ఎండగట్టకుండా పొరలో పెడితే ఆ నీరంతా ఓవెన్‌లోనే బయటికొస్తుంది.

పై మూడూ సరిచేసినా, టమాటా పులుపుని పాలల్లో కలిపితే మళ్లీ మొదటికొస్తుంది. పాలూ గుడ్లూ అన్నంతో కలవాలి, కూర మధ్యలో విడిగా పొరలా పడుకోవాలి. రెంటినీ కలిపి గరిటె తిప్పకూడదు.

---

కాకినాడ కాజా · 4:06

వంటకి ముందు ఒక్క ప్రశ్న. అన్నం ఫ్రిజ్‌లోకి ఎప్పుడు వెళ్లింది? దించాక రెండు గంటల్లోపు వెళ్లి ఉండాలి. మన ఎండాకాలంలో, ఉక్కలో, గంటే అనుకోండి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా బయట ఉండిపోతే అవి మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం ఓవెన్ వేడికి కూడా విరగదు. "బాగా వేడి చేశాం కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అన్నం కుండతో సహా ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మధ్య భాగం చల్లారడానికి గంటలు పడుతుంది. పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరిచి, ఆవిరి పోయాక మూత ఉన్న డబ్బాలోకి తీయండి. మర్నాటికల్లా వాడేయాలి.

---

గౌతమి గట్టు · 4:12

ఒంటి గంటన్నరకి దించాం, రెండుంబావుకి పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాం. బాగానే ఉందా?

---

కాకినాడ కాజా · 4:13

సుబ్బరంగా ఉంది. కానీయండి.

---

తణుకు తాలింపు · 4:20

అడ్డొస్తున్నానని అనుకోవద్దు గానీ, 3 కప్పుల అన్నానికి ఇంత తతంగం ఎందుకండీ? ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త ఇంగువ వేసి తాలింపు అన్నం చేస్తే పావుగంటలో అయిపోతుంది. కోడి ఇగురు పక్కన వేడి చేసి పెట్టండి.

---

వశిష్ఠ వంటిల్లు · 4:41

ఒక్కరికో ఇద్దరికో అయితే తాలింపు అన్నమే మేలండి, కాదనను. నలుగురున్నారు, కూరేమో తలా నాలుగు ముద్దలకి కూడా చాలదు. పొరగా వేస్తే అదే కూర గిన్నె అంతా పరుచుకుని ప్రతి ముక్కలోనూ వస్తుంది. పైగా పొయ్యి దగ్గర నిలబడే పని పావుగంటే, మిగతాది ఓవెన్ చూసుకుంటుంది.

గౌతమి గట్టు గారి సరుకుకి సరిపోయే లెక్క ఇది. కప్పంటే 240 మిల్లీలీటర్లు, చెంచా అంటే టీ చెంచా.

అన్నం 3 కప్పులు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నంలో పిండిపదార్థం గట్టిపడి మెతుకు రాయిలా అవుతుంది, స్వర్ణ అయితే మరీను. ఉండలు చేత్తో చిదిపేయండి. పాలు 360 మిల్లీలీటర్లు వేలు ఓర్చుకునేంత వేడి చేసి అన్నంలో పోసి 15 నిమిషాలు వదిలేయండి. మెతుకు మళ్లీ మెత్తబడేది ఇక్కడే. ఈ పావుగంట దాటవేస్తే ఎంతసేపు కాల్చినా మెతుకు పంటికింద గట్టిగానే తగులుతుంది. ఆ తర్వాత 3 గుడ్లు విడిగా గిలక్కొట్టి, మిరియాల పొడి అర చెంచా, ఉప్పు అర చెంచా వేసి కలపండి. మనం అన్నంలో ఉప్పు వేయం కదా, ఇది మర్చిపోతే పైపొర చప్పగా వస్తుంది. అలాగని చెంచా నిండా వేయొద్దు, కూరలో ఉన్నది అన్నంతో కలిపి తినడానికి వేసిన ఉప్పే.

కోడి ఇగురులో ఎముకలు తీసేసి ముక్కలు వేలి కణుపంత చీల్చండి. ఫ్రిజ్‌లో పైన పేరుకున్న నూనె చెంచాతో ఎత్తి పక్కన పెట్టుకోండి, గిన్నెకి రాయడానికి అదే వస్తుంది. మూకుట్లో ఇగురూ బీరకాయా కలిపి మధ్యస్థమైన మంట మీద ఎగరేయండి. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ దారి మూసుకోకుండా అలాగే ఉండాలి. రసం పారి మూసుకుందంటే ఇంకా నీళ్లున్నట్టు. చివర్లో వేయించిన శనగపిండి ఒక పెద్ద చెంచా చల్లితే మిగిలిన చెమ్మ లాగేస్తుంది.

గిన్నెకి నూనె రాసి సగం అన్నం పరవండి, నొక్కొద్దు. దాని మీద కూర, అంచు చుట్టూ ఒక వేలు వెడల్పు ఖాళీ వదిలి. పైన మిగతా అన్నం, గిన్నెలో మిగిలిన పాలతో సహా. మొత్తం మందం 4, 5 సెంటీమీటర్లు మించకూడదు. మూతేసి 180 డిగ్రీల్లో 25 నిమిషాలు, మూత తీసి మరో 12 నుంచి 15. గిన్నె కదిపితే అంచులు నిలిచి, మధ్యలో అరచేతి మేర జున్నులా వణకాలి. బయటికి తీసి 10 నిమిషాలు కదపకుండా వదిలేస్తే ఆ వణుకు కూడా గట్టిపడుతుంది. వేడివేడిగా కోశారంటే ముక్క నిలవదు.

---

ఓటీజీ బాబాయ్, తాడేపల్లిగూడెం · 5:02

కొలతలు బాగున్నాయి. ఇక పెట్టె సంగతి.

చిన్న ఓటీజీల్లో ముల్లు 180 చూపిస్తున్నా లోపల 160 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. లోపల వేలాడదీసే చిన్న ఉష్ణమాపకం ఒకటి పెట్టుకుని, వెలిగించిన 15 నిమిషాల తర్వాత ఓసారి, 25 నిమిషాలకి ఓసారి చూడండి. ఎంత తేడా వస్తే ఆ మేర ముల్లు జరిపి తలుపు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టేసుకోండి. సగం వంటలు బాగుపడతాయి.

పైన మాడి లోపల పచ్చిగా ఉండటానికి మామూలుగా కారణం అర ఎంచుకోవడంలో ఉంటుంది. గిన్నె కింది అరలో పెట్టి, కింది రాడ్డు, పై రాడ్డు రెండూ వేయండి. గిన్నె పై అంచుకీ పై రాడ్డుకీ జానెడు దూరం ఉండాలి. చిన్న పెట్టెలో అంత కుదరకపోతే మొదటి 25 నిమిషాలు కింది రాడ్డు ఒక్కటే, మూత తీశాక రెండూ. రంగు కోసం ఆఖరి 3 నిమిషాలు పై రాడ్డు చాలు, అప్పుడు మాత్రం పెట్టె ముందు నుంచి కదలొద్దు.

ప్లగ్గు: ఈ సైజు ఓటీజీ 1500 వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు ఆరున్నర ఆంపియర్లు. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే, వేడెక్కి కరుగుతుంది. పెద్ద 16 ఆంపియర్ల సాకెట్ వాడండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. ఖర్చు చూసుకుంటే ఈ వంట మొత్తానికి ఒక యూనిట్ అటూ ఇటూ.

గాజు గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు. చల్లటి గాజు అడుగు ఒక్కసారి వేడెక్కితే పగిలి ఊరుకుంటుంది. వేడి గిన్నెని తడి గ్రానైట్ గట్టు మీద దించినా అంతే. చెక్క పీటో మడిచిన తువ్వాలో వేయండి.

---

గౌతమి గట్టు · 5:10

మూతకి ఫాయిల్ అయిపోయింది. స్టీలు పళ్లెం బోర్లించనా?

---

కోనసీమ కొబ్బరిచిప్ప, అమలాపురం · 5:17

రావులపాలెంలో కూర్చుని ఫాయిల్ లేదంటారేంటండీ, అరటాకు లేదా అక్కడ?

లేత ఆకు వద్దు, ముదురు పచ్చది తీసుకోండి. మధ్య ఈనె కోసేసి, ఆకుని మంటకి ఒక జానెడు పైన అటూ ఇటూ తిప్పండి. రంగు మారి నిగనిగలాడుతూ మెత్తబడటం కంటికి తెలుస్తుంది. ఆ గీత ఆకు మీద పాకుతూ పోతుంది, దాని వెనకాలే మీరూ జరుపుకుంటూ పోవాలి. అలా వాడ్చకపోతే మడతపెట్టగానే ఈనెల వెంబడి చీలిపోతుంది. గిన్నెలో రెండాకులు అడ్డంగా నిలువుగా పరిచి, అన్నం నింపాక అంచులు పైకి మడిచి మీద ఇంకో ముక్క కప్పండి. పైన వేసే ముక్కకి నీళ్లు తుడవండి, లేకపోతే అంచులు నల్లబడతాయి. ఆకు మడత మూతగా సరిపోతుంది, ముక్క కూడా ఆకుతో పాటు చక్కగా లేచి వస్తుంది.

చింతపండు, టమాటా ఉన్న వంటకి ఫాయిల్ తగిలితే పులుపుకి రేకు చిల్లులు పడి కూరలో లోహపు రుచి వస్తుంది. ఫాయిల్ వాడాలనుకున్నా మధ్యలో ఆకు ఒకటి ఉంచండి.

---

తణుకు తాలింపు · 5:25

సరే, ఒప్పుకున్నాం. మరి గుడ్డు ముట్టనివాళ్ల సంగతి? పనసపొట్టు కూర, కంద బచ్చలి మిగిలితే?

---

కోనసీమ కొబ్బరిచిప్ప · 5:49

రెండు దార్లున్నాయండి.

ఒకటి మజ్జిగ పులుసు దారి. చిక్కటి పెరుగు కప్పు, నీళ్లు కప్పు, శనగపిండి 3 పెద్ద చెంచాలు, పసుపు చిటికెడు, ఉప్పు. ఉండ లేకుండా చిలికి, పొయ్యి మీద సన్న మంటన ఆపకుండా తిప్పుతూ 7, 8 నిమిషాలు ఉడికించాలి. గరిటె వెనక పూతలా అంటుకుని, వేలితో గీస్తే గీత నిలవాలి. శనగపిండి ముందే ఉడికి ఉండటం వల్ల పెరుగు ఓవెన్‌లో విరగదు. పచ్చి పెరుగు తిన్నగా పోశారో, పలుకులు ఖాయం. ఇందులో 3 కప్పుల అన్నం కలిపి పైన చెప్పినట్టే పొరలు. పులుపున్న కూర తగిలినా ఇది ఓర్చుకుంటుంది, పాలంత సుకుమారం కాదు.

రెండోది కొబ్బరిపాలు. పెద్ద కాయ ఒకటి తురిమి, గోరువెచ్చటి నీళ్లు ముప్పావు కప్పు పోసి పిండితే చిక్కటి పాలు, ఇంకో ముప్పావు కప్పుకి రెండో పాలు. రెండో పాలల్లో బియ్యప్పిండి 2 పెద్ద చెంచాలు కలిపి చిక్కబడేదాకా ఉడికించి దించేశాక చిక్కటి పాలు కలపాలి. చిక్కటి పాలు ముందే మరిగిస్తే నూనె తేలి విడిపోతాయి. ఇది జున్నులా గట్టిపడదు, ముద్దగా కూర్చుంటుంది. 180లో 30 నిమిషాలు, పావుగంట ఆరాక కోయొచ్చు.

పనసపొట్టు, కంద బచ్చలి రెంటికీ ఒక చిక్కుంది: ఆవ. కూరలో పచ్చిగా కలిపిన ఆవ ఘాటు ఓవెన్ వేడికి ఎగిరిపోతుంది, ఒక్కోసారి చేదు మిగులుతుంది. ఆవ పెట్టకముందే కప్పుడు కూర తీసి పక్కన పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు. లేదంటే వడ్డించేముందు అర చెంచా ఆవపొడి నూనెలో కలిపి ముక్కల మీద చుక్కలుగా వేయండి. ఘాటు తాజాగా ఉంటుంది, కింద కూరలో చేదు కూడా మరుగున పడుతుంది.

---

చేపలచెరువు, భీమవరం · 6:05

చేపల పులుసు మిగిలితే పైన చెప్పినవేవీ పనికిరావండి. చింతపండు పులుసులో పాలూ వద్దు, పెరుగూ వద్దు. దానికి కంద మూత వేయాలి.

కంద 400 గ్రాములు చెక్కు తీసి ముక్కలు కోసి, పసుపు, గోలీ అంత చింతపండు వేసి కుక్కర్లో రెండు కూతలు. చింతపండు లేకుండా ఉడికిస్తే గొంతు దురద తగ్గదు. నీళ్లు పూర్తిగా వార్చి, ఖాళీ గిన్నెలో నిమిషం పాటు పొయ్యి మీద ఆరబెట్టి మెదపండి. వెన్న లేదా నూనె 2 పెద్ద చెంచాలు, ఉప్పు, మిరియాలు. పాలు పోయొద్దు, జారిపోతుంది. బంగాళాదుంపతోనూ అవుతుంది గానీ పులుసుకి కంద జోడీ వేరు.

పులుసులోంచి ముక్కలు తీసి ముళ్లు ఏరండి. శీలావతి, బొచ్చె అయితే నడుం ముక్కల్లో వై ఆకారంలో సన్న ముళ్లుంటాయి, వేళ్లతో నలిపి చూసి తీయాలి, కంటికి దొరకవు. కొరమేను, పండుగప్ప అయితే ఈ బాధ లేదు, పెద్ద రేకులుగా ఊడొస్తాయి. పులుసుని విడిగా పావు వంతుకి మరిగించి ముక్కల మీద పోయండి. 2 కప్పుల చేపకి అర కప్పు చిక్కటి పులుసు చాలు. పైన కంద ముద్ద వేలెడు మందాన పరిచి, అంచుల దాకా అదమండి, సందు ఉంటే పులుసు పొంగి పైకొస్తుంది. ఫోర్కుతో గీతలు గీస్తే ఆ గట్లు ఎర్రగా కరకరలాడతాయి. ఇందులో గుడ్డు లేదు కాబట్టి భయపడక్కర్లేదు, 200 డిగ్రీల్లో 25 నిమిషాలు.

రొయ్యలు వేరే జాతి. పచ్చి రొయ్య రెండు మూడు నిమిషాల్లో ఉడికిపోతుంది, మిగిలిన ఇగురులోది ఇప్పటికే ఉడికినది. మళ్లీ 40 నిమిషాలు కాలిస్తే రబ్బరే. సగానికి కోసి అన్నం మధ్యలో పాతిపెట్టండి, పైకి కనబడితే ఎండిపోతుంది. లేదా బేకింగ్ అయ్యాక ఆ 10 నిమిషాల విరామంలో వేడి చేసిన ఇగురు పైన పరవండి, నన్నడిగితే అదే నయం.

పులస సంగతి ఎవరూ అడక్కముందే చెప్పేస్తున్నాను. పులస పులుసు మిగలదు, మిగిలితే మర్నాడు చల్లగా అన్నంలోకే. దాన్ని ఓవెన్‌లో పెట్టేవాళ్లని ఏటిగట్టు మీంచి తోసేసినా పాపం లేదు.

---

దిబ్బరొట్టి, పాలకొల్లు · 6:18

ఓవెన్ ఓవెన్ అంటున్నారు గానీ, కింద నిప్పు, పైన నిప్పు పెట్టి కాల్చడం మనకి కొత్తా అండీ? దిబ్బరొట్టి కాల్చేది అలాగే కదా. మందపాటి ఇత్తడి గిన్నె, పైన బోర్లించిన మూత, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. పై రాడ్డు, కింది రాడ్డు అంటే ఇదే.

మిగిలిన ఇడ్లీ పిండితో రాత్రి భోజనం చూడండి. పిండి 3 కప్పులు. పులిసిపోయి ఉంటే ఇడ్లీ రవ్వ పావు కప్పు కడిగి, నీళ్లు పిండేసి, అందులో కలిపి పావుగంట నాననివ్వండి, పోసేముందు వంటసోడా పావు చెంచా. సోడా ముందే కలిపి ఉంచితే పొంగు గిన్నెలోనే అయిపోతుంది, రొట్టి చదునుగా వస్తుంది. పొడిగా ఎగరేసిన కూర కప్పు ఉండాలి: పనసపొట్టు, క్యాబేజీ, కోడి ఇగురు, ఏదైనా. తడి కూర పెడితే రొట్టి మధ్యలో పచ్చిపిండి సాగుతుంది, ఎంత కాల్చినా పోదు.

ఇనప మూకుడిలో నూనె 3 పెద్ద చెంచాలు వేసి ఓవెన్‌లోనే 200కి వేడెక్కించండి. పిండి చుక్క వేస్తే చుయ్యిమనాలి. సగం పిండి, మీద కూర, పైన మిగతా పిండి. 190లో 35 నుంచి 40 నిమిషాలు, సగంలో పైన ఒక చెంచా నూనె. చీపురుపుల్ల గుచ్చితే పొడిగా రావాలి. అడుగు ఎర్రగా, తపేలా ఆకారంలో బోర్లపడుతుంది.

---

తణుకు తాలింపు · 6:24

ఓవెన్ లేనివాళ్లకి?

---

దిబ్బరొట్టి · 6:33

అదే మూకుడు పొయ్యి మీద, బరువైన మూత, బాగా సన్న మంట, 25 నిమిషాలు. తర్వాత తిరగేసి 8 నిమిషాలు. తిరగేయడానికి నూనె రాసిన పళ్లెం మీదకి జార్చి, పళ్లెం మీంచి మళ్లీ మూకుడులోకి బోర్లించండి. అట్లకాడతో సాహసం చేయొద్దు.

గుడ్లూ పాలూ ఉన్న అన్నానికి తిరగేయడం కుదరదు. దానికి పెద్ద మందపాటి తపేలాలో ఇసుకో రాళ్ల ఉప్పో రెండు వేళ్ల మందాన పోసి, మీద స్టాండు పెట్టి, మూతేసి 10 నిమిషాలు వేడెక్కించండి. అందులో చిన్న గిన్నె దించి సన్న సెగన 45 నిమిషాలు. మూత కింద గుడ్డ కట్టండి, ఆవిరి చుక్కలు అన్నంలో పడవు. పైన ఎర్రబడదు, అది ఒప్పుకోవాలి. ప్రెషర్ కుక్కరుతో చేసేవాళ్లున్నారు గానీ, నీళ్లు లేకుండా వేడెక్కిస్తే దాని అడుగు వంకర పోతుంది. పాతది, రబ్బరూ వెయిటూ తీసేసినదైతేనే.

---

ఓటీజీ బాబాయ్ · 6:40

గుడ్డ కొసలు మూత మీదకి ఎత్తి ముడేయండి. కిందికి వేలాడితే మంట అంటుకుంటుంది.

---

గౌతమి గట్టు · 7:05

పొరలన్నీ వేసేశాను, అరటాకులోనే. ఆకు వాడ్చడం బాగా కుదిరింది. పైన చీజ్ లేదు, ఏం వేయను?

---

కోనసీమ కొబ్బరిచిప్ప · 7:09

రస్కులు 3 చిదిపి, ఎండుకొబ్బరి తురుము 3 పెద్ద చెంచాలు, నెయ్యి ఒక చెంచా, కరివేపాకు నలిపి కలపండి. మూత తీశాక చల్లాలి, ముందే వేస్తే ఆవిరికి మెత్తబడుతుంది. మెత్తబడిపోయిన అప్పడాలో, వేయించిన మినప వడియాలో మిగిలి ఉంటే నలిపి వేసేయండి, ఆఖరి 5 నిమిషాల్లో మళ్లీ కరకరలాడతాయి. వడియాల్లో ఉప్పుంటుంది, చూసుకోండి.

చీజ్ ఎప్పుడైనా వేయాలనుకుంటే మోజరెల్లా 60 గ్రాములు చాలు. క్యూబుల్లో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ అంతగా సాగదు, తురిమి వేస్తే మచ్చలుగా ఎర్రబడుతుంది. రుచికి పర్లేదు.

---

గౌతమి గట్టు · 8:20

అంచులు గట్టిపడ్డాయి, విరగలేదు, నీళ్లు లేవు. పై పొర ఎర్రగా బాగుంది. కానీ 40 నిమిషాలైనా మధ్యలో కత్తి పెడితే పాలు అంటుకొస్తున్నాయి, కత్తి మొన గోరువెచ్చగానే ఉంది. ఇంకా వేడి పెంచనా?

---

వశిష్ఠ వంటిల్లు · 8:22

పెంచొద్దు! మందం ఎంత వేశారు? కూర ఎగరేశాక చల్లారబెట్టి వేశారా?

---

గౌతమి గట్టు · 8:24

మందం ఆరు సెంటీమీటర్లు దాటినట్టుంది, ఆకు వల్ల గిన్నె ఇరుకైపోయింది. కూర చల్లారింది, అన్నం కూడా గంట పాటు గట్టు మీదే ఉంది.

---

వశిష్ఠ వంటిల్లు · 8:27

అదీ సంగతి. మందం ఒకటిన్నర రెట్లయితే మధ్యకి వేడి చేరడానికి రెట్టింపు సేపు పట్టొచ్చు. పైగా పాలు గోరువెచ్చగా పోసింది చల్లారిపోయింది. ముల్లు 160కి తగ్గించి, పై రాడ్డు ఆపేసి, పైన ఆకు మళ్లీ కప్పి 15 నిమిషాలు ఉంచండి. అంచులు బిగుసుకుపోకుండా మధ్య ఉడుకుతుంది. సూది ఉష్ణమాపకం ఉంటే మధ్యలో 75 చూపించాలి. లేకపోతే కత్తి మొన తీసి మణికట్టు లోపలి వైపు ఆనించండి, చురుక్కుమనాలి.

ఈసారి నుంచి ఆకు పరిచాక గిన్నె ఎంత పడుతుందో చూసుకుని, మిగిలిన అన్నం రెండో చిన్న గిన్నెలో వేయండి. కూర కూడా మూకుట్లోంచి తిన్నగా వేడిగానే పరవాలి. గుడ్డు కలిపిన అన్నం గట్టు మీద గంట ఉంచడం మాత్రం వద్దు, మన ఉక్కలో మంచిది కాదు. పొరలు వేసేటప్పటికే ఓవెన్ వేడెక్కి ఉండాలి.

---

గౌతమి గట్టు · 8:52

కత్తి శుభ్రంగా వచ్చింది, చురుక్కుమంది కూడా. పది నిమిషాలు ఆగి కోస్తే ముక్క నిలబడింది, ఆకుతో సహా లేచింది. అడుగు పొర కొంచెం చప్పగా ఉంది.

---

కాకినాడ కాజా · 8:55

ఉప్పు పాలల్లో కలిపి అడుగు తిప్పకుండా పోసి ఉంటారు. ఉప్పు కరిగేదాకా కలిపి, అన్నంలో పోశాక ఇంకోసారి కింద నుంచి పైకి తిప్పండి. ఇప్పటికి పక్కన ఆవకాయ పెట్టేయండి.

---

గౌతమి గట్టు · 8:57

ఇందులో రెండు ముక్కలు మిగిలేలా ఉన్నాయి. రేపు మళ్లీ వేడి చేసి తినొచ్చా?

---

కాకినాడ కాజా · 9:01

ఆ అన్నానికి ఇది రెండో వేడి. ఇక మూడోది వద్దండి. ఎవరి పళ్లెంలోనైనా వేసేయండి.